అల్హాజా సీసాలో అల్లం వాసన

మారువేషంలో ఉన్న ఏజెంట్ ఫొలారిన్‌ను గుర్తుపట్టగల మనిషి లాగోస్ రాష్ట్రంలో ఇంకా పుట్టలేదు.

"ఏరా ఫొలారిన్, ఈ ఎండలో గడ్డమేంట్రా? అమ్మ బాగుందా?" అంది ఎపే జెట్టీ దగ్గర అకారా గారెలు వేయిస్తున్న ముసలమ్మ.

"నేను ఫొలారిన్‌ని కాదు."

"సరేలే. నిన్న ముప్పై అకారాలు మింగావు. కడుపెలా ఉంది?"

అతను గడ్డం సర్దుకున్నాడు. కడుపు సంగతి టాప్ సీక్రెట్.

మిషన్ చిన్నదే. క్యాట్‌ఫిష్ రైతుల సంఘం పెద్ద అల్హాజా సిదికత్ మూడేళ్లు కష్టపడి మంచి బ్యాక్టీరియాను సీసాలో పెంచింది. మేతలో కలిపితే చేప త్వరగా పెరుగుతుంది, రోగం దగ్గరికి రాదు. ఈ నెల పదకొండు ఫారాల్లో చేపపిల్లలు చచ్చి తేలుతున్నాయి. మిగిలింది ఆ ఒక్క సీసా. దాని మీద ఓ విదేశీ మేత కంపెనీ కన్నుపడింది.

"ఇవాళ మీ ఇంట్లో దాచు. రేపు పదింటికి చేపపిల్లల హేచరీకి తే. మూత తియ్యకు," అంది అల్హాజా నిన్న.

"ప్రాణం పోయినా తియ్యను!"

"నీ ప్రాణం నాకెందుకురా? సీసా కావాలి."

కంపెనీలో మన మనిషి మోరెనికె జెట్టీ దగ్గర కలిసి, అతన్ని కారులో హేచరీకి తీసుకెళ్లాలి. కోడ్: "పనిలో ఉన్నారా, చల్లగా ఉండండి." పని చేసుకునేవాళ్లను అలా పలకరిస్తే ఎపేలో బదులివ్వనిదెవరు? వల కుట్టేవాడు దీవించాడు. చేపలమ్మే ఆవిడ ఇంటిల్లిపాదినీ అడిగింది. పోలీసాయన పెళ్లి సంబంధం చెప్పాడు. ఫొలారిన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి బంగారు రంగు తలగుడ్డ, నల్ల కళ్లద్దాలతో మోరెనికె వచ్చింది. "బరువేమో, ఇలా ఇవ్వండి," అని నవ్వి సీసా అందుకుంది. మరుక్షణం స్పీడ్‌బోటులో ఉంది. రెండు వైపులా జీతం తీసుకుంటోందన్నమాట!

అతను వాచీ బటన్ నొక్కాడు. తాడు దూసుకురావాలి. టైము మాత్రం చెప్పింది. తిట్టుకుంటూ నీళ్లలోకి దూకాడు. గడ్డం సముద్రపాయలో పడింది, చేతికి తలగుడ్డ కొస దొరికింది. లాగితే నలభై గజాలు విడిపోయింది. బోటు వెళ్లింది, మోరెనికె వెళ్లింది. తలగుడ్డ మడతల్లో ఆమె దాచిన సీసా అతని చేతుల్లో పడింది.

పదికి అరనిమిషం ముందు హేచరీ చేరాడు. అల్హాజా మూత తీసింది. వాసన చూసింది. మళ్లీ చూసింది.

"నా సీసాలో అల్లం ఎక్కడిదిరా?"

ఫొలారిన్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"ఎపేలో ఓగీ జావలో ఇంత అల్లం దంచేది మీ అమ్మ ఒక్కతే."

"కడుపు కదిలిపోయింది, అల్హాజా," అన్నాడు ఏజెంట్, బూట్లలోంచి నీళ్లు కారుతుండగా. "ఫ్రిజ్‌లో పులిసిన మొక్కజొన్న తేట ఉంది, తాగమంది అమ్మ. రెండూ ఒకే రకం సీసాలు. తాగేశాక తెలిసింది, అది మీ సీసా అని. అమ్మ తేటతో మీ సీసా నింపేశాను."

"నింపే ముందు కడిగావా?"

"లేదు."

అల్హాజా గట్టిగా ఊపిరి వదిలింది. "బతికించావురా బద్ధకస్తుడా! అడుగున అంటుకున్న బ్యాక్టీరియా చాలు, బెల్లం నీళ్లలో మళ్లీ పెంచుతాను. ఇంతకీ కడుపెలా ఉంది?"

"నిజం చెప్పెయ్యనా? రోగం పోయింది," అన్నాడు ఫొలారిన్ తల వంచుకుని. "పొద్దున్నుంచి కాస్త పెరిగినట్టు కూడా ఉన్నాను."