శుక్రవారం పోయే కరెంటు

"ఏవండీ ఎలక్ట్రీషియన్ గారూ! మీరు మా ఇంట్లో పెట్టింది స్విచ్చా, చేతబడా?"

బండికి స్టాండైనా వెయ్యకముందే ఈ మాట మాలిక్ చెవిన పడింది. తలెత్తి చూస్తే గుమ్మంలో సిద్దికా. మెడలో హెడ్‌ఫోన్స్, నడుం మీద చెయ్యి, కళ్లలో నిప్పులు. కోపంలోనే ఇంత బాగుంటే నవ్వితే ఎలా ఉంటుందోనని మాలిక్‌కి ఓ పాడు ఆలోచన వచ్చింది. పైకి మాత్రం బుద్ధిగా టూల్స్ సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

చిలకలూరిపేటలో నన్నే సాహెబ్ పరుపులంటే తెలియనివాళ్లు తక్కువ. ఇంటికి ఆనుకునే రేకుల షెడ్డు, అందులో దూది ఏకే మిషను. ఇంటికీ షెడ్డుకీ ఒకటే కరెంటు. పాత ఫ్యూజు మాడిపోతే, ఈ మధ్యే మాలిక్ దాన్ని తీసేసి కొత్త ట్రిప్ స్విచ్చు పెట్టాడు. అదిగో, అప్పట్నుంచీ మొదలైంది తంటా. మిషను ఆన్ చేస్తే ఒక్కోసారి ఇల్లంతా ఠప్!

నన్నే సాహెబ్ కూతురు సిద్దికా ఇంట్లోంచే హైదరాబాదు కంపెనీకి పని చేస్తోంది. ఇల్లు ఠప్పుమన్నప్పుడల్లా ఆమె మీటింగులోంచి మాయమవుతోంది.

"మా మేనేజర్ ఏమన్నాడో తెలుసా? ఈ నెల కూడా ఇలాగే ఉంటే, ఒకటో తారీఖు నుంచి హైదరాబాదు వచ్చి ఆఫీసులో కూర్చోమన్నాడు."

ఈసారి ఠప్పుమన్నది మాలిక్ గుండె. రిపేరు చేసేస్తే ఈ ఇంటికి రావడానికి పనుండదు. చెయ్యకపోతే ఈ ఇంట్లో ఆమే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు!

లోపల్నుంచి నన్నే సాహెబ్ వచ్చాడు. ఒళ్లంతా దూది.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ కొత్తది పీకి అవతల పారెయ్. పాత ఫ్యూజే పెట్టు. ఇన్నేళ్లూ దాంతో బాగానే బతికాంగా!"

"పెట్టను సాహెబు గారూ. ఆ స్విచ్చు ఊరికే పడదు. ఎక్కడో కరెంటు కారుతోంది. ఇవాళ అది పడకపోతే, రేపు మనిషి పడతాడు."

మాలిక్ వైర్లు చూశాడు, మోటారు చూశాడు, ఎర్త్ చూశాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. మిషను ఆన్ చేస్తే గిర్రున తిరిగింది. దూది మబ్బులా లేచింది. కరెంటు మాత్రం ఎక్కడికీ పోలేదు.

"చూశారా! మీరుంటే ఎంత బుద్ధిగా ఉందో," అంది సిద్దికా.

మిగతా రోజులన్నీ పత్తి జిన్నింగ్ మిల్లులో డ్యూటీ కాబట్టి మాలిక్ వచ్చేది ఆదివారాలే. తర్వాతి ఆదివారమూ అదే తంతు. మోటారు విప్పాడు, దులిపాడు, బిగించాడు. తప్పు కనపడలేదు. వీధి చివర టీకొట్టు దగ్గర మాత్రం జనం ఇంకో రకం తప్పు వెతకడం మొదలెట్టారు. ఆ మాటలు సిద్దికా చెవికీ చేరాయి.

"నిజం చెప్పండి. మళ్లీ రావడానికి మీరే ఏదో ఒకటి వదిలేసి వెళ్తున్నారు కదా?"

మాలిక్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. మనసు చివుక్కుమంది.

"రావాలనిపిస్తే టీ ఇమ్మని అడిగి వస్తానండి. మనుషుల ప్రాణాలతో ఆటలాడి రాను."

సిద్దికా నాలుక కరుచుకుంది. లోపలికెళ్లి టీ తెచ్చి చేతికిచ్చింది. అతను తాగుతుంటే ఏదో ఆలోచిస్తూ అక్కడే నిలబడింది.

"సారీ అండీ... ఒక్కటి అడగనా? ఆదివారం ఎప్పుడూ పోలేదు. పోయేదల్లా శుక్రవారం రివ్యూ మీటింగప్పుడే. ఎప్పుడైనా శనివారం పొద్దున. అంతే!"

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా! అయితే శుక్రవారం వస్తా."

"మరి మీ మిల్లు?"

"సెలవు పెడతా."

"ఒక్క మోటారు కోసమా?"

"ఆఁ... మోటారు కోసమే," అన్నాడు మాలిక్ టీ గ్లాసులోకి చూస్తూ. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది.

శుక్రవారం పొద్దున్నే వచ్చి షెడ్డులో ఓ మూల నిలబడ్డాడు. కాసేపటికి సిద్దికా నాయనమ్మ కరీమున్ తలస్నానం చేసి, ఊదు పొగతో వచ్చింది. తిండి పెట్టే మిషను మరి! ముందు దణ్ణం పెట్టుకుంది. మోటారుకి గంధం రాసింది. ఆపైన పన్నీరు బుడ్డి ఎత్తి, మోటారు మీద చిలకరించడం కాదు, ఏకంగా అభిషేకమే చేసింది.

"మామ్మగారూ, ఆగండాగండి!"

మాలిక్ మెయిన్ ఆపేసి పరిగెత్తాడు. మోటారు పక్కన వైర్లు కలిసే డబ్బా మూత విప్పాడు. మూత అంచున రబ్బరు ఎప్పుడో అరిగిపోయింది. లోపల పేరుకున్న దూది పన్నీరు తాగి ఉబ్బిపోయి ఉంది. ఆదివారం దులిపిన చోటే, మళ్లీ ఇంత దూది!

"దొరికింది! ఈ తడి ఆదివారానికల్లా ఆరిపోతోంది. అందుకే నేనొచ్చేసరికి అన్నీ బాగుంటున్నాయి."

కరీమున్ తెల్లబోయింది. "అదేంటి నాయనా? అప్పట్లో శుక్రవారం మిషను మీద చెయ్యేస్తే జుమ్మనేది. బరకత్, దేవుడి దీవెన అనుకునేదాన్ని. నువ్వు ఆ స్విచ్చు పెట్టాక జుమ్మనడం మానేసింది. దేవుడికి కోపమొచ్చిందేమోనని ఇంకాస్త ఎక్కువ చల్లుతున్నా."

ఆ జుమ్మనడం కరెంటు షాకని అందరికీ అర్థమైంది. నన్నే సాహెబ్ తల్లి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పాత ఫ్యూజే పెట్టమని ఇంకెప్పుడూ అడగలేదు.

మాలిక్ దూదంతా తీసి, ఆరబెట్టి, రబ్బరున్న కొత్త మూత బిగించాడు. గంధాన్ని మిషను చెక్క ఫ్రేముకి రాసుకోమన్నాడు, మోటారు జోలికి మాత్రం వెళ్లొద్దన్నాడు. మిషను తిరిగింది. గోడ అవతల సిద్దికా గొంతు గలగలా ఇంగ్లీషు మాట్లాడుతూనే ఉంది. మాలిక్ ఆ గొంతు వింటూ, సర్దిన టూల్సే మళ్లీ సర్దాడు.

సిద్దికా పరుగున వచ్చింది. "రిపోర్టు చివరిదాకా చెప్పా! హైదరాబాదు రానక్కర్లేదు, ఇంట్లోంచే చెయ్యమన్నాడు మా మేనేజర్!"

అప్పుడు నవ్వింది. మాలిక్ అనుకున్నదానికంటే చాలా బాగుంది.

"సంతోషమండి. ఇక నాకిక్కడ పని లేదు," అంటూ సంచీ ఎత్తుకున్నాడు.

"టీ అడిగి వస్తానన్నారుగా?"

మాలిక్ నోరు తెరిచేలోపు నన్నే సాహెబ్ అందుకున్నాడు. "ఒరేయ్, ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా. ఈ వీధిలో పిల్లకాయలంతా నన్ను బాబాయ్ అంటారు. నువ్వొక్కడివే సాహెబు గారూ, సాహెబు గారూ అంటావు. ఏరా, నేను నీకు అంత పరాయివాణ్ణా?"

మాలిక్ చెవులు ఎర్రబడ్డాయి. సంచీ కింద పెట్టేశాడు.

"బాబాయ్ అంటే... సిద్దికా నాకు చెల్లెలవుతుంది కదండీ. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు."

నన్నే సాహెబ్ కూతురి వైపు తిరిగాడు.

"నన్ను చూస్తారేంటి నాన్నా?" అంది సిద్దికా, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ. "వాళ్లమ్మానాన్నలకి ఆదివారం తీరికవుతుందో లేదో ఆయన్ని అడగండి."

కరీమున్ పన్నీరు బుడ్డి ఊపి చూసుకుంది. "మోటారు మీద చల్లొద్దన్నావు. మరి ఈ మిగిలింది ఏం చేసుకోను?" అంటూ ఇద్దరినీ దగ్గరికి లాగి, ఇద్దరి తలల మీదా చిలకరించింది.