జిరాక్స్ నెమలి

“అది తీస్కోకుండ్రి. జిరాక్సు.”

ధర్మేందర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాత అగ్గిపెట్టె లేబుళ్లు సేకరించేవాళ్లు నెలకో ఆదివారం కొంపల్లిలో ఓ హాల్లో కలుస్తారు. బల్ల పక్కన నిలబడ్డ అమ్మాయి తన భూతద్దం అతని చేతిలో పెట్టింది.

“మంచిగ చూడుండ్రి. రంగుల సన్న చుక్కలు కనవడ్తున్నయా? పాత అచ్చు గట్లుండది.”

“మీకు మస్తు తెలుసే!”

“ఒకసారి మోసపోయిన. అప్పుడు నేర్సుకున్న,” అని నవ్వింది.

పేరు హరిచందన. ఊరు షామీర్‌పేట. మేడ్చల్‌లో ఓ ప్రైవేటు బడిలో లెక్కల టీచర్. ధర్మేందర్‌ది మేడ్చలే, జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఆ రోజు బయట వాన దంచికొట్టడంతో గంటసేపు హాలు మెట్ల మీదే నిలబడిపోయారు. ఎవరికీ తడిసే తొందర లేదు.

రెండో ఆదివారానికి ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. నాలుగో నెలకల్లా, బడి వదిలాక మేడ్చల్ బస్టాండు ఎదురుగా ఇద్దరూ ఛాయ్ తాగడం అలవాటైంది.

ఓ సాయంత్రం ధర్మేందర్ ఉడికించాడు. “ఇంత తెలివిగల్లదానివి, నిన్ను ముంచినోడెవడు?”

హరిచందన నవ్వలేదు. “ఆన్‌లైన్ల కలిసిండు. లేబుల్‌రాజా అని పేరు వెట్టుకున్నడు. మా తాతకు కిరాణం దుకాణముండె. ఆయన దాసుకున్న దీపం లేబుల్ నా దగ్గరుండె. దాని జోడీ, నెమలి లేబుల్, బతికినన్ని రోజులు దేవులాడిండు తాత. గా రాజా తన దగ్గర నెమలి ఉంది, మార్సుకుందామన్నడు. నా దీపం పంపిన. జిరాక్సు నెమలి వచ్చింది. గిదేందని అడిగితే బ్లాక్ జేసిండు.”

ధర్మేందర్ ఛాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

“లేబుల్ పోతే పోనీ. నేను పుట్టిన్నాడు తాత దాని ఎనక ‘మనుమరాలు పుట్టింది’ అని పెన్సిల్‌తోని రాసిండంట. పంపినంక చెప్పింది అవ్వ. ప్లాస్టిక్ కవర్ల ఉన్నదున్నట్టే పంపిన. తిప్పి గూడ చూడలే నేను.”

ఆ పెన్సిల్ రాత ధర్మేందర్‌కు బాగా తెలుసు. లేబుల్‌రాజా అతనే.

రెండేళ్ల క్రితం ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఆ నెమలిని అతనికి అంటగట్టాడు. లేబుళ్లవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో చెప్పి నలుగురినీ హెచ్చరించవలసింది. నవ్వుతారని సిగ్గుపడ్డాడు. షామీర్‌పేట నుంచి, ప్రొఫైల్లో చిలక బొమ్మ పెట్టుకున్న ఎవరో నెమలి కావాలని అడిగితే, మార్చుకుందామని చెప్పి, నోరు మూసుకుని వాళ్లకు పంపేశాడు. దీపం లేబుల్ చేతికొచ్చినప్పుడు, వెనక గీతలున్నాయే అని విసుక్కున్నాడు కూడా.

“వచ్చే ఆదివారం కాదు, పై ఆదివారం ఇంటికి రా,” అంది హరిచందన లేస్తూ. “అవ్వ నిన్ను చూస్తనంటాంది.”

ఆ మధ్యలో ఒకరోజు అతను లేబుల్‌ని కవరులో పెట్టి, ఆమె చిరునామా రాసి, తన పేరు రాయకుండా పోస్టు డబ్బా దాకా వెళ్లాడు. వేస్తే ఆమె వస్తువు ఆమెకు చేరుతుంది, తన గుట్టూ దాగుతుంది. అయిదు నిమిషాలు నిలబడి వెనక్కి వచ్చేశాడు.

ఆదివారం షామీర్‌పేటలో వాళ్లింటికి వెళ్లి, ఆ కవరు అవ్వ కమలాబాయి చేతిలో పెట్టాడు. ఆవిడ లేబుల్‌ని తిప్పి, పెన్సిల్ అక్షరాల మీద వేలు ఆడించింది. కళ్లు ఒత్తుకుంటూ దేవుడి గదిలోకి వెళ్లిపోయింది.

“యాడ దొరికింది?” హరిచందన మొహం వెలిగిపోతోంది. అంత ప్రేమగా ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు.

ఒక్క అబద్ధం చాలు. ధర్మేందర్ తల వంచుకున్నాడు. “దొరకలే. నా దగ్గర్నే ఉంది. గా రాజాను నేనే.”

ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది. “నేను చెప్పిన్నాడే తెల్సిందా?”

“తెల్సింది.”

“పదకొండు రోజులాయె. రోజూ నాతోని ఛాయ్ తాగినవ్.”

“భయమైంది. అప్పుడు నువ్వని తెల్వదు హరీ. ఎవలో తెల్వనోళ్లనుకొని...”

“తెల్వనోళ్లయితే ఏంది?”

అతను కుర్చీలోంచి లేచాడు.

“గా మోసగాడు ఎట్లుంటడోనని మస్తు సార్లు అనుకున్న,” అందామె. వాకిలి తలుపు తీసి పట్టుకుంది. “గిట్లుంటడనుకోలే. పో ధర్మేందర్.”

ఆ రాత్రే అతను తన సొంత పేరుతో, ఫొటోతో, గ్రూపులో జరిగిందంతా రాశాడు. తిట్టినవాళ్లు తిట్టారు. తెల్లారేసరికి గ్రూపులోంచి తీసేశారు. కొంపల్లి వెళ్లడం మానేశాడు. మేడ్చల్ బస్టాండు దగ్గర బండి ఆపడమూ మానేశాడు. అలా మూడు నెలలు గడిచాయి.

ఒకరోజు కొత్త నంబరు నుంచి ఫోన్. “బిడ్డా, నేను కమలాబాయిని. ఆదివారం ఇంటికి రా.”

వెనక నుంచి కంగారుగా ఓ గొంతు. “అవ్వా, నేను పిల్వమన్ననని చెప్పకు!”

“అది పిల్వమన్నదని చెప్పొద్దంట, బిడ్డా,” అంది అవ్వ.

ఆదివారం హరిచందన గేటు దగ్గరే ఎదురైంది. గేటు తీయలేదు.

“నువ్వు గ్రూపుల రాసింది చదివిన. నాకింకా కోపం పోలే.”

“తెలుసు.”

“పొయ్యేదాక వస్తవా?”

“వస్త.”

“శానా రోజులు పడ్తది.”

“పట్టనీ.”

ఆమె అతని వైపు చూడకుండానే గడియ తీసింది.