మూడో అంతస్తులో మిగిలిన ఆఫీసు

వనజాక్షి కుర్చీ అంచున కూర్చుని, తలుపు వేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.

"ఆ మూడో అంతస్తు మనుషుల్ని మింగేస్తోందండీ," అంది. "అప్పలసూరి గారు పోయారు. ఇక మిగిలింది నేనే."

గురునాథరావు ఉక్కు కర్మాగారంలో గ్యాస్ సేఫ్టీ విభాగంలో పాతికేళ్లు పనిచేసి, రిటైరయ్యాక వైశాలి నగర్‌లో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. ఆయన అడుగుతుంటే అసిస్టెంటు సుచిత్ర రాసుకుంటుంది. నాలుగేళ్లయినా, ఆయన ఏ మాట దగ్గర ఆగుతాడో ముందుగా పసిగట్టడం ఆమెకి ఇప్పటికీ చేతకాలేదు.

స్మృతి నగర్‌లో సత్యారావు కట్టిన కాంప్లెక్స్‌లో వనజాక్షి పెన్షనర్లకి కాగితాలు నింపిపెట్టే ఆఫీసు నడుపుతోంది. ఒకప్పుడు ఆ అంతస్తు కోచింగ్ సెంటర్లతో, చిన్న కాంట్రాక్టర్లతో కిటకిటలాడేది. పనులు తగ్గి, చదువుకున్న పిల్లలు రాయ్‌పూర్ దారి పట్టాక ఒక్కొక్కరే ఖాళీ చేశారు. ఇప్పుడు ఒక కాల్ సెంటర్ కంపెనీ ఆ అంతస్తు అడుగుతోంది. ఇస్తే మొత్తం ఇవ్వాలి, లేకపోతే వద్దంది. వనజాక్షి లీజు ఇంకా మూడేళ్లుంది. ఆమె కదలనంది. ఆ మరుసటి నెల నుంచే ఆఫీసులో తలనొప్పులు, కళ్లు తిరగడం.

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఆమె పనిమీద జాముల్ వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆమె దగ్గర పనిచేసే అప్పలసూరి తలుపు పక్కన నేలమీద పడి ఉన్నాడు. వాచ్‌మన్ సింహాద్రి సాయంతో కిందికి మోసుకొచ్చింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

"మొహం ఎలా ఉంది?" అడిగాడు గురునాథరావు.

"అదే భయమేసిందండీ. ఎర్రగా, బతికున్న మనిషిలాగే ఉంది."

ఆ మాట రాసుకోమన్నట్టు ఆయన సుచిత్ర వైపు చూశాడు. తలనొప్పులు రోజూ వస్తాయా అని అడిగితే, కరెంటు పోయిన రోజే అంది. జనరేటర్ వేస్తే డీజిల్ కంపు పైకొస్తుందని, అప్పుడు కిటికీలు మూసుకుంటామని చెప్పింది. లేచి వెళ్తూ మరో సంగతి గుర్తుచేసుకుంది. అప్పలసూరి కళ్లజోడు ఆమె టేబుల్ మీద దొరికింది. డ్రాయర్లో దాచింది, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కాంప్లెక్స్‌కి వెళ్లారు. మూడో అంతస్తు కారిడార్‌లో వరసగా తాళాలు. తలుపుల మీద పీకేసిన బోర్డుల తాలూకు తెల్లటి మచ్చలు. వాళ్ల అడుగుల చప్పుడు తప్ప మరో అలికిడి లేదు.

వనజాక్షి కుర్చీ వెనక గోడలో, పక్కగదికి కలిపి పాత వెంటిలేటర్ ఉంది. ఆ గది తాళాలు యజమాని సత్యారావు దగ్గరొకటి, కాల్ సెంటర్ బేరం చూస్తున్న బ్రోకర్ ఉమేష్ దగ్గరొకటి ఉన్నాయి.

"నాకు తాళవేటి బాబూ," అన్నాడు సింహాద్రి. "కరెంటు పోతే కింద జనరేటర్ ఏస్తాను, అంతే. ఆ మంగళారం మద్దేనం కూడా ఏసేను."

సత్యారావు, ఆమెని ఖాళీ చెయ్యమని అడిగిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు. ఆ మంగళవారం తను దుర్గ్ కోర్టులో ఉన్నానన్నాడు. పాతికేళ్లు దాటని ఉమేష్ మర్యాదగా జవాబులిచ్చాడు. మార్చి తర్వాత పక్కగదిలో అడుగుపెట్టలేదన్నాడు.

"చాలా దుఃఖ్ అయింది అంకుల్. పాపం, వనజాక్షి దీదీ కుర్చీలో కూచుని పని చేసుకుంటూనే పోయాడు."

సత్యారావు తాళం తీయించాడు. గది మూలనుంచి జనరేటర్ పొగగొట్టం డాబా మీదికి వెళ్తోంది. దాని జాయింటు ఊడదీసి ఉంది. ఎదురుగా గోడంతా మసి. వెంటిలేటర్ కింద బల్ల, దాని దుమ్ములో బూట్ల గుర్తులు. గురునాథరావు సుచిత్రని గుమ్మం దాటనివ్వలేదు.

సాయంత్రం ఆయన అందర్నీ వనజాక్షి ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆ పొగలో వాసన లేని విషవాయువు ఒకటుంటుందని, అది ఎక్కితే శవం మొహం కూడా ఎర్రగా కనిపిస్తుందని, ప్లాంటులో అలాంటి మొహాలు రెండు చూశానని చెప్పాడు గురునాథరావు. అది వెంటిలేటర్ గుండా ఈ గదిలోకి వచ్చిందని, కంపు రాకుండా కిటికీలు మూసుకోవడమే ప్రాణాంతకమైందన్నాడు. తర్వాత ఉమేష్ వైపు తిరిగాడు.

"ఆయన కుర్చీలో ఉన్నాడని నీకెలా తెలుసు?"

"ఎవరో అన్నారు అంకుల్."

"ఎవరూ అనలేదు. సింహాద్రి చూసింది తలుపు దగ్గర. కళ్లజోడు సంగతి మా ముగ్గురికే తెలుసు. ఆయన్ని ఆ కుర్చీలో చూడాలంటే పక్కగదిలో బల్లెక్కాలి. అప్పటికాయన బతికే ఉన్నాడు, తర్వాతే లేచి తలుపుదాకా వచ్చి పడిపోయాడు."

జాయింటు ఊడదీసింది తనేనని ఉమేష్ ఒప్పుకున్నాడు. దీదీ తలనొప్పి భరించలేక వెళ్లిపోతుందనే అనుకున్నానన్నాడు. అంతస్తు ఖాళీ అయితే కంపెనీ వస్తుంది, తనకి అందులో మేనేజర్ పోస్టు ఇస్తామన్నారు. ఈ ఊళ్లో మూడేళ్లు తిరిగినా దొరకని ఉద్యోగం.

"నేను కాదని చూశాక కూడా ఆ గొట్టం బిగించలేదేం?" అంది వనజాక్షి.

"తల టేబుల్ మీద పెట్టుకున్నాడు దీదీ. నిద్రపోతున్నాడనుకున్నా."

ఇన్‌స్పెక్టర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పలసూరి ఇంటికి గురునాథరావు తనే వెళ్లాడు. భార్య నూకాలమ్మ వాకిట్లో కూర్చుని మొత్తం విన్నది. ఏడవలేదు.

"గుండె అన్నారని, ఆ రోజు కేరేజీలో నాను ఎట్టిన ఎండుచేపల కూరే చంపేసిందనుకున్నాను బాబూ," అంది. "ఉప్పు ఎక్కువైపోనాది. ఆరు రోజులై ముద్ద దిగట్లేదు."

సుచిత్ర లోపలికి వెళ్లి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. నూకాలమ్మ తినేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.