అన్నమ్మ చేతి పూలు

పొద్దున్నే కుళాయి కింద బిందె పెట్టి, అది నిండేలోగా పెరటి మామిడిచెట్టు దగ్గరికి వెళ్ళి చూసి రావడం అన్నమ్మకు అలవాటు. ఆ రోజూ అలాగే వెళ్ళింది. వెళ్ళినది వెళ్ళినట్టే నిలబడిపోయింది. ఇక్కడ బిందె నిండి, పొర్లి, నీళ్ళు పక్క క్వార్టరు గోడ దాకా పారుతున్నా ఆమెకు పట్టలేదు.

చెట్టు కొమ్మకు తను కట్టిన మొక్క పూసింది! వారం నుంచీ ఆకుల సందులోంచి తోకలా ఏదో దిగుతుంటే కొత్త వేరు కాబోలనుకుంది. వేరూ కాదు, పాడూ కాదు. జానెడు పొడవున రెండు గెలలు, తెల్లటి పూల మీద ఊదా చుక్కలు, ఒక్క ఖాళీ లేకుండా ఒత్తుగా, పెళ్ళికూతురి పూలజడల్లా కిందికి వేలాడుతున్నాయి.

"ఓలమ్మో! పూసిందే నా తల్లి!" అని గట్టిగా అరిచి, తన గొంతుకు తనే ఉలిక్కిపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఎవరైనా చూస్తే నవ్విపోరూ! అయినా ఆగలేదు. వేలితో ఒక్క పువ్వును తాకింది, మరోదాన్ని తాకింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రాయపూరు రైల్వే క్వార్టర్లలో అన్న సత్తిరాజు దగ్గర ఉంటోంది అన్నమ్మ. మొగుడు జ్వరంతో పోయినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండలేదు. అన్న లైను మేస్త్రి. పట్టాల కింద స్లీపర్లకు తెచ్చిన సాలుచెట్ల దుంగల్లో పనికిరాని ముక్కలు వంటచెరకుకు తెస్తుంటాడు. రెండేళ్ళ కిందట అలా వచ్చిన ఒక ముక్క మీద దళసరి ఆకులతో ఈ మొక్క పట్టుకుని ఉంది. వదిన గంగాభవాని దాన్ని పొయ్యిలోకి తోయబోతుంటే అన్నమ్మ లాక్కుని, పాత మంచం నులకతో మామిడికొమ్మకు కట్టింది. రోజూ చేపలు కడిగిన నీళ్ళు చిలకరించింది.

"బదనికని పెంచుతున్నాదిరా, బుద్ధి లేకపోతే సరి!" అని వదిన నవ్వింది గానీ అడ్డు చెప్పలేదు. ఎందుకంటే అది పూలమొక్క అని ఎవరూ అనుకోలేదు. పూలమొక్కలైతే అన్నమ్మను దగ్గరికి రానిచ్చేది కాదు. మల్లెపాదుకు నీళ్ళు పొయ్యకూడదు, మందారం కొయ్యకూడదు. లోకం ఎంత వింతదో చూడండి! ఇంటెడు అంట్లు తోమిన చెయ్యి, పిల్లకు పాలు పట్టి పెంచిన చెయ్యి, లైనుకు వెళ్ళే మనిషికి వేళకు అన్నం వండిపెట్టిన చెయ్యి, పువ్వు తాకితే మాత్రం ఇంటికి కీడట!

అన్నమ్మ కేకకు అందరూ పెరట్లోకి వచ్చారు. మేనకోడలు బంగారమ్మ చప్పట్లు కొట్టి చెట్టు చుట్టూ తిరిగింది. సత్తిరాజు కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఇవి ఆర్కిడ్లే! దొరలున్నప్పుడు పెద్ద బంగళా వరండాలో బుట్టల్లో వేలాడదీసేవోరు. దొరసాని తప్ప ఇంకెవరూ ముట్టుకోడానికి లేదు. మనింట్లో పూసాయేటే అన్నమ్మా!"

అన్నమ్మ మొహం వెలిగిపోయింది. గంగాభవాని మాత్రం ఆ గెలల పొడవునూ, కూతురి జడ పొడవునూ మార్చి మార్చి చూసింది.

ఆ మధ్యాహ్నం బంగారమ్మకు పెళ్ళిచూపులు. మందిర్ హసౌద్ స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా ఉన్న నూకరాజు, భార్యనూ కొడుకునూ తీసుకుని పాసింజర్లో వస్తానన్నాడు. వైశాఖమాసం ఎండలు, పైగా ముహూర్తాల రోజులు. గుఢియారీ బజారులో మూర మల్లెలు దొరకలేదు. పెరటి మల్లెపాదు వడగాడ్పుకు మాడి కూచుంది.

"అన్నమ్మా, సెనగపిండి నిండుకుంది. బేగి బజారుకెళ్ళి పట్టుకురా," అంది గంగాభవాని.

అన్నమ్మ రైలుపట్టాలు దాటి వెళ్ళి, పిండి కట్టించుకుని, ఎండలో పరుగులాంటి నడకతో తిరిగొచ్చింది. రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా చెట్టు దగ్గరికి వెళ్ళింది. ఒక గెల ఉంది. రెండోది లేదు. తెగిన కాడ దగ్గర రసం ఇంకా తడిగానే ఉంది.

పిండిపొట్లం అరుగు మీద విసిరి ఇంట్లోకి వెళ్ళింది. నట్టింట్లో బంగారమ్మను పీట మీద కూర్చోబెట్టి, గంగాభవాని ఆ గెలను జడకు దారంతో కుడుతోంది.

"ఎవరు కోసారు?"

"నేనే. ఏం?" గంగాభవాని తల ఎత్తలేదు. "మల్లెలు లేవు కదా. పిల్లని బోడిజడతో కూకోబెట్టమంటావేటి?"

"నన్ను అడగొచ్చు కదా వదినా."

"నిన్ను అడగాలా! నా ఇంట్లో, నా పెరట్లో పువ్వు కోసుకోడానికి నీకు అర్జీ పెట్టుకోవాలా?"

అన్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో వదినకు ఎదురు మాట చెప్పి ఎరుగదు. మింగిన మాటలన్నీ ఆ వేళ ఒక్కసారిగా గొంతులోకి వచ్చేశాయి.

"పెరడు నీదే, కాదన్లేదు. పువ్వు ఎవరిది? పొయ్యిలోకి తోసిందానివి నువ్వు, తీసి బతికించింది నేను. ఏ చేత్తో బతికించాను? ఈ చేత్తోనే కదా! ఈ చెయ్యి తగిల్తే మల్లెపాదు మాడిపోద్దన్నావు. బంగారి పెద్దమనిషైన రోజున నన్ను వంటింట్లో పెట్టి తలుపు మూసావు. ముత్తయిదువులు బయట పాటలు పాడుతుంటే లోపల చెమటలు కక్కుతూ బూరెలు వేపాను. ఆ బూరెలు మాత్రం లొట్టలేసుకుని తిన్నారు! ఈ చేతి బూరె పనికొస్తాది, ఈ చేతి పువ్వు పనికొస్తాది, చెయ్యి మాత్రం పనికిరాదేటి వదినా?"

"అరె, ఏటి ఈ గోల!" సత్తిరాజు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. "చుట్టాలొచ్చే వేళయింది. బస్, ఇంక చాలించండి ఇద్దరూనూ."

"నువ్వు మాటాడకు అన్నయ్యా. ఇన్నేళ్ళూ నోరు విప్పలేదు. నా కోసం ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు?"

సత్తిరాజు గుమ్మంలోకి వెనక్కి తగ్గాడు. గంగాభవాని సూది పక్కన పడేసి లేచింది. కోపం వస్తే ఆమెకు మాట మీద అదుపుండదు.

"చూసారా, చూసారా దీని నోరు! శుభమా అని పిల్లకి చూపులవుతుంటే ఏడుపు మొదలెట్టింది. ముండమోసినదానివి, నీకు పువ్వుల మీద ఆశేటే?"

అన్నమ్మ గోడకు చేరబడింది.

బంగారమ్మ పీట మీంచి లేచింది. కుట్టిన దారాన్ని పళ్ళతో తెంపి, గెలను జడ నుంచి విడదీసి, తల్లి చేతిలో పెట్టింది.

"నాకొద్దమ్మా. అత్త తన చేత్తో పెడితే పెట్టుకుంటాను, లేదంటే బోడిజడతోనే కూకుంటాను."

"నీకు మతి పోయిందేటే! అపశకునం!"

"అత్త చేతి ముద్ద తినే కదా ఇంతదాన్నయ్యాను. అపశకునమైతే ఎప్పుడో చచ్చుండాలి కదా!"

గంగాభవాని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది. కూతురిని కొట్టలేక, చేతిలోని పూలను పారెయ్యలేక, ఉన్నచోటే కూలబడి ఘొల్లుమంది.

"నాది కోపమనుకుంటున్నారు మీరంతా. భయమే! కాపురానికి వచ్చిన కొత్తలోనే మీ అమ్మ చెప్పింది అన్నమ్మా... 'దాని చెయ్యి పువ్వుల మీద పడనీకు, నీ పసుపుకుంకాలు జాగ్రత్త' అని. కన్నతల్లే అలాగ అంటే నేనేటి అనుకోవాలి? మీ అన్న ట్రాలీ మీద లైనుకెళ్ళి, వేళకి ఇంటికి రాకపోతే నా గుండె గుప్పిట్లో పెట్టుకుని కూకునేదాన్ని. నీ మీద పడి అరిచేదాన్ని."

అన్నమ్మ కొయ్యబారిపోయింది. అమ్మ? తనను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఏడ్చిన అమ్మ? పోయింది కాబట్టి సరిపోయింది, ఉంటే ఇప్పుడే వెళ్ళి జుట్టు పట్టుకుని అడిగేది. ఇంత కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక ఏడ్చింది.

"వదినా," అంది ఏడుపు మధ్యనే. "అన్నయ్యకి నేనేనాడైనా కీడు కోరేనా?"

గంగాభవాని మొగుడి వంక చూసింది. సత్తిరాజు నిక్షేపంలా, బానపొట్టతో, బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"లేదే తల్లీ," అంది ముక్కు చీదుకుంటూ. "నీ చేతి కూడు తినే ఆ మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. నాకే బుద్ధి లేదు. ఆ మాట అన్నందుకు నా నోట్లో మన్ను పొయ్య!"

పూలగెలను అన్నమ్మ ఒళ్ళో పెట్టింది. "నువ్వే పెట్టు. బేగి పెట్టు, వాడిపోతాది."

బంగారమ్మ అప్పటికే వచ్చి అత్త ముందు వీపు తిప్పి కూర్చుంది. అన్నమ్మ సూది అందుకుంది. సూది రెండుసార్లు జారింది. మేనకోడలి జడలో ఒక్కో కుట్టూ వేస్తుంటే ఆమె కన్నీళ్ళు టపటపా ఆ పిల్ల వీపు మీద పడ్డాయి.

"అడక్కుండా కోసావు కదా," అంది ఉన్నట్టుండి, ఇంకా కోపం చల్లారక. "ఆ రెండోదాని మీద చెయ్యి వేసావో, ఊరుకోను వదినా."

"వెయ్యన్లేవే మహాతల్లీ!"

అంతలో వీధిలోంచి గొంతు వినిపించింది. "సత్తిరాజూ! ఉన్నావేటయ్యా?"

నూకరాజు వాళ్ళు వచ్చేశారు. అన్నమ్మ చటుక్కున లేచి, కళ్ళు తుడుచుకుని, పెరటి తలుపు వైపు నడిచింది. శుభకార్యానికి వచ్చేవాళ్ళకు తను ఎదురు పడకూడదని ఆమెకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

గంగాభవాని ఆమె జబ్బ పట్టుకుని ఆపింది. కుండలోంచి చెంబుతో చల్లటి నీళ్ళు ముంచి ఆమె చేతికిచ్చింది.

"ఎక్కడికే? నువ్వే ఎదురెళ్ళు."

"నేనా... వదినా, వాళ్ళేటనుకుంటారు?"

"ఏటైనా అనుకోనీ. అనుకునేవాళ్ళింటికి నా పిల్లని ఇవ్వను. నడు!"

అన్నమ్మ చెంబును రెండు చేతులా పట్టుకుని, వీధి తలుపు తీసి, చుట్టాలకు ఎదురుగా వెళ్ళింది.