మానిన కాలు

ముదినేపల్లిలో తన ఇంటి ముందుగదిలో, పడక్కుర్చీలో, కాలు స్టూలు మీద పెట్టుకుని అబ్బాయిరాజు ఆ పది రోజులూ రెండు ముక్కు రంధ్రాల్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు. పుండున్న మనిషికి తాలింపు వాసన తగిలితే చీము పడుతుందని ఆయనగారి నమ్మకం. పప్పు ముట్టడు, వంకాయ ముట్టడు. ఏలూరు డాక్టరు అయాజ్ ఇచ్చిన మాత్రలు మాత్రం గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాడు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు తెగ్గొట్టిన మరుసటి ఏడు అది. పోయిన తన చెరువు గట్టు చూసుకుని ఏడుద్దామని చెప్పులు విడిచి బురదలో దిగితే, కుడి అరికాల్లో నత్తగుల్ల దిగింది. సుగరు మనిషి. పాదాలకి స్పర్శ పోయి మూడేళ్ళయింది. ఇంటికొచ్చి గచ్చు మీద నెత్తురు చూసేదాకా తెగిన సంగతే తెలియలేదు.

"పుండు అడుగు నుంచి పైకి పూడాలండి," అన్నాడు అయాజ్. "రోజూ కడిగించి, లోపలిదాకా తడి గాజుగుడ్డ పెట్టించి కట్టు కట్టించుకోండి. పది రోజుల్లో దారికి రాకపోతే చీలమండ దాకా తీసెయ్యాలి."

ఆ మాటకి అబ్బాయిరాజుకి తిరుగుదారిలో కారులోనే చెమటలు పట్టాయి. ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ తన చెరువుల్లో నానబెట్టి బతికిన మనిషికి తన కాలంటే ఎంత ప్రేమో ఆ రోజే తెలిసింది.

కట్టు కట్టడానికి యేసుదాసు వచ్చాడు. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు కట్లు కట్టి రిటైరైన మనిషి. నెమ్మదస్తుడు. అతను పుండు కడుగుతుంటే అబ్బాయిరాజు మొహం మీద తువ్వాలు కప్పుకున్నాడు.

"నీ మొహం, ఆ పుండు, రెండూ చూడలేను గానీ తొందరగా కానియ్యి. చేపలకి పుళ్ళు పడితే నేను రెండ్రోజుల్లో మాన్పుతాను. మీకు పది రోజులేవిట్రా?"

యేసుదాసు ముడి వేసి లేచాడు. "చేపలు మాట్లాడవు కదండి," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

సిగ్గూ శరమూ ఉన్నవాడికైతే అక్కడ తన చెరువు కూలీ యోబు గుర్తొచ్చేవాడు. మూడేళ్ళ కిందట చేపల పట్టుబడి రోజున వల లాగుతూ యోబు కాలు కోసుకున్నాడు. ఏలూరు ఆసుపత్రికి పోతానండి అని బతిమాలాడు. లారీ వచ్చి నిలబడింది, వల ఎవడు లాగుతాడు? అబ్బాయిరాజు చెరువులో చల్లే సున్నం గుప్పెడు తీసి, తన చేత్తోనే ఆ పుండులో కూరి, "చేపకి మానింది నీకు మానదా?" అని మళ్ళీ నీళ్ళలోకి దింపాడు. తొమ్మిదో రోజున యోబు పోయాడు. శవం దగ్గర నిలబడి ఈ మహానుభావుడు అన్న మాట ఇది: "చెబితే వినడు. పప్పు తినుంటాడు."

యేసుదాసు వచ్చి వెళ్ళిన మర్నాడు దీపాలవేళ కరెంటు పోయింది. గుమ్మంలో తడి అడుగుల చప్పుడైంది. అబ్బాయిరాజు గబుక్కున తువ్వాలు కప్పుకున్నాడు.

"వచ్చావూ? రాక ఎక్కడికి పోతావులే."

చల్లటి చేతులు కట్టు విప్పాయి. నీళ్ళు బొట్టుబొట్టుగా గచ్చు మీద పడుతున్నాయి. ఆ చల్లదనం అరికాలికి తెలిసింది. మూడేళ్ళుగా ఏమీ తెలియని అరికాలికి!

"నొప్పిగా ఉందాండి?" అని గుసగుసగా అడిగింది గొంతు.

"నోరు మూసుకుని పని చూడు."

రోజూ అదే వేళ, అవే చేతులు. స్పర్శ తిరిగొచ్చింది. అబ్బాయిరాజు పొంగిపోయాడు. ఫోన్లో బావమరిదికి కూడా చెప్పుకున్నాడు, ఇలాంటివాళ్ళకి నాలుగు తిట్లు పడితేనే పని నడుస్తుందని.

తొమ్మిదో రోజు చేతులు పని ముగించి వెళ్ళాక భార్య సుబ్బాయమ్మ లాంతరు పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏవండీ... యేసుదాసు తాడేపల్లిగూడెంలో కూతురింట్లో ఉన్నాడటండి. మిమ్మల్ని చూసిన మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడట."

"మరి కట్టు ఎవడు కడుతున్నాడే?"

"మీరే కట్టుకుంటున్నారనుకున్నానండి. ఆ వేళకి గదిలోకి రావద్దన్నారు కదా." ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఈ కంపు పుండుదే అనుకున్నాను. మీకు తెలియట్లేదాండి?"

అబ్బాయిరాజు ముక్కులోంచి దూది లాగేశాడు.

సున్నం... కుళ్ళిన చేప... తడిసిన వల.

గదంతా అదే. కుర్చీకి, గోడలకి, తన ఒంటికి. తొమ్మిది రోజులుగా అందులోనే కూర్చున్నాడు.

కట్టు విప్పాడు. పుండు లేదు. అడుగు నుంచి పైదాకా చక్కగా పూడింది. కానీ ఆ తోలు... నీళ్ళలో నాని నాని తెల్లబడ్డ తోలు. నెర్రెలిచ్చిన మడమ. నెర్రెల నిండా సున్నం. గోకాడు. రాలేదు. మళ్ళీ గోకాడు. ఆ కాలు ఎవరిదో అతనికి తెలుసు.

అబ్బాయిరాజు కదలకుండా కూర్చునే ఉన్నాడు. కాలు మాత్రం స్టూలు దిగింది. మడమ గచ్చుకి తన్నిపెట్టింది... బరువైన వల లాగుతున్నట్టు.

పొద్దున్నే ఏలూరు తీసుకెళ్ళారు. అయాజ్ కాలు అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు.

"ఇంత బాగా మానిన పుండు నా సర్వీసులో చూడలేదండి! కాస్త తోలు మొరటుబడింది, అంతే. ఎవరండీ కట్టు కట్టింది?"

అబ్బాయిరాజు డాక్టరు చేతులు పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒకరిని బతిమాలాడు.

"తీసెయ్యండి డాక్టరుగారూ. చీలమండ దాకా కాదు, మోకాలి దాకా తీసెయ్యండి. ఇది నా కాలు కాదండి..."

"మానిన కాలు ఎవరైనా నరుకుతారాండి?" అయాజ్ నవ్వాడు. నవ్వుతూనే కిందికి చూశాడు. "అవునూ, మరి ఈ ఎడం కాలికేమైంది? చెప్పలేదేవండీ?"

అబ్బాయిరాజు పంచె పైకి తీశాడు.

దెబ్బ తగలని ఆ కాలికి తెల్లటి కొత్త కట్టు ఉంది. నీళ్ళు ఇంకా కారుతున్నాయి.