శామీర్‌పేట కొంగ

"ఈ కాలికి ఏం పూసిండ్రు?"

"సున్నం, బెల్లం మేడం. పైన మా అవ్వ మంత్రం."

"మంత్రం ఉండనీయండి. సున్నం, బెల్లం కడుక్కొని రండి."

మేడ్చల్ బస్టాండు దగ్గర, మందుల షాపు పైన కొత్తగా తెరిచిన ఫిజియోథెరపీ గదిలో ధర్మేందర్, భవితల మొదటి పలకరింపు ఇదే. అతను శామీర్‌పేట కబడ్డీ జట్టులో కూతకు వెళ్ళేవాడు. వెళ్ళినవాడు పాయింటుతో పాటు చీలమండ బెణుకు కూడా తెచ్చుకున్నాడు. ఆమె రోజూ సుచిత్ర నుంచి బస్సులో వచ్చే డాక్టరమ్మ. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది.

"గట్టిగ కట్టు కట్టుండ్రి మేడం, ఆదివారం ఆడుకుంట."

"ఆడుకోండి. సోమవారం రెండో కాలు గూడ తీసుకొని రండి."

అతనికి కోపం వచ్చింది. ఆమె ఐసు సంచి కాలికి చుట్టేసరికి వాపుతో పాటు కోపమూ చల్లబడింది.

వాపు పోయాక రబ్బరు పట్టీ పాదానికి తగిలించి లాగమంది. మడమలెత్తి దించమంది. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోమంది.

"నొప్పి పొయింది గద మేడం, ఇగ గిదెందుకు?"

"నొప్పి పోతే సరిపోదు. బెణికిన కాలు నిలకడ మరిచిపోతది. మళ్ళ నేర్పకపోతే మళ్ళ అక్కడనే బెణుకుతది. ఇంట్ల గూడ చెయ్యండి."

ఇంట్లో జాగా లేక ధర్మేందర్ చెరువు కట్ట ఎక్కాడు. కింద నీళ్ళలో కొంగలు, పైన అతను. అందరిదీ ఒకటే నిలబడడం. దారిన పోయే ఒకామె అతని ముందు అరటిపండు పెట్టి, దండం పెట్టుకుని వెళ్ళింది. ఆమె మలుపు తిరిగాక ధర్మేందర్ ఒక కన్ను తెరిచి పండు తిన్నాడు.

చేపల గంపతో వస్తున్న సుక్కమ్మ మనవణ్ణి చూసి గంప దించేసింది.

"ఏందిరా గీ కొంగ జపం? ఏ చేప కోసం?"

"కాలు కోసం అవ్వా!"

"అబ్బ! నా కండ్లు ఇంకా మంచిగనే కనవడ్తయి బిడ్డా."

సుక్కమ్మ కళ్ళకు తిరుగులేదు. కాలు బాగుపడింది. బాగుపడగానే ధర్మేందర్‌కు దిగులు పట్టుకుంది. ఇక మేడ్చల్ ఎందుకు పోవాలి? అందుకని మళ్ళీ నొప్పి తెప్పించుకున్నాడు.

"ఎక్కడ?" అంది భవిత.

"ఈడ మేడం."

"నిన్న ఇటు దిక్కు అన్నరు."

"తిరుగుతాంది మేడం, మా చెరువుల చేప లెక్క."

ఆమె నవ్వలేదు. కిటికీ వైపు చూసింది.

ఇంతలో జిల్లా జట్టు ఎంపిక ఆదివారం అన్నారు. అతను చిన్నప్పటి నుంచి కలగన్న జట్టు అది. కోచ్ కృష్ణారావు ఒకటే మాట చెప్పాడు: "డాక్టరమ్మ సరే అంటేనే ఆడిస్త." నొప్పి ఉందంటే ఆట పోతుంది. లేదంటే మేడ్చల్ పోతుంది.

మర్నాడు వాన మొదలైంది. తడిసి వచ్చిన ధర్మేందర్ నోరు తెరవకముందే భవిత అంది: "మీ నొప్పి నాకు అంతు చిక్కుతలేదు. సికింద్రాబాద్‌ల మా పెద్ద సారున్నడు, ఆయనకు చూపించండి. ఆదివారం ఆట వద్దు."

"ఆ సారు... ఎట్లుంటడు?"

"అరవై ఏండ్లుంటయి. పెద్ద పెద్ద మీసాలు."

వాన రేకుల మీద దంచుతోంది. ధర్మేందర్ తల దించుకున్నాడు.

"మీ వైద్యంల తప్పు లేదు మేడం. కాలు ఎప్పుడో మంచిగయింది."

"మరి నొప్పి?"

"నొప్పి అబద్ధం. వచ్చుడు నిజం. మీరు 'ఎక్కడ' అని అడుగుతరు సూడు... గది ఇనేతందుకు వస్తున్న."

భవిత లేచి, "ఒంటికాలి మీద నిలబడండి. కళ్ళు మూసుకోండి" అంది.

నిలబడ్డాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి చిన్నగా నెట్టింది. అతను కదల్లేదు, గుండె మాత్రం కదిలింది.

"కాలు మస్తుంది. ఆడండి. సికింద్రాబాద్‌ల ఏ సారూ లేడు."

"ఆఁ? మరి మీసాలు?"

"అవీ లేవు. ఇక్కడ మెట్లు కుంటుకుంట దిగుతరు. కింద సెవెన్ సీటర్ ఆటో కదిలిపోతాంటే ఉరికి ఎక్కుతరు. కిటికీలకెల్లి రోజూ చూస్తున్న. మీరే చెప్తరని ఆగిన."

"మేడం, కండ్లు తెరవాల్నా?"

"ఇప్పుడే వద్దు." ఆ గొంతులో నవ్వుంది.

ఆదివారం చివరి కూతలో ధర్మేందర్ పక్క గీత అంచున, బెణికి బాగయిన ఆ కాలి మీదే ఆగాడు. పడితే ఔట్. చేతులు గాలిలో ఊగాయి, ఒళ్ళు ఊగింది, చీలమండ మాత్రం ఊగలేదు. రెండో కాలు చాచి ఎదుటివాణ్ణి తాకి, మధ్య గీత దాటేశాడు. కృష్ణారావు అతని పేరు జిల్లా జట్టులో చదివాడు.

మైదానం పక్కన సుక్కమ్మ, తన పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డ పిల్లను ఎగాదిగా చూసింది.

"మావోనికి కొంగ జపం నేర్పిన డాక్టరమ్మవు నువ్వేనా బిడ్డా? వానికి చేప దొరికినట్టేనా?"

"కొంగ ఆయన కాదవ్వా, నేను" అంది భవిత మెల్లగా. "కిటికీ కాడ నిలబడి మస్తు రోజులు చూసిన. దొరికింది."

"ఏ చెరువుల?"

"మీ చెరువులనే."

సుక్కమ్మ ఆ పిల్ల గొడుగు కిందికి జరిగింది.

"మా చెరువు చేపకు ముండ్లెక్కువ బిడ్డా. జర పైలం, మెల్లగ తిను."