కోట బొమ్మకి తెగిపోయిన అంచు

పొద్దున్నే ఫ్రేముల కొట్టు తెరిచి లైటు వేయగానే కూతురు పరుగున బల్ల దగ్గరికి వెళ్లింది. బల్ల మీద నాలుగు కాగితపు పట్టీలు, పక్కన కోట బొమ్మ. నూట యాభై ఏళ్ల నాడు రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మ అది. కూలిన బురుజు, గోడలకి పాకిన తీగలు, కింద ఏరు, ఒడ్డున రెండు మేకలు. టీచరమ్మ నిన్ననే ఫ్రేము కట్టమని ఇచ్చి వెళ్లింది. చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున ఉండాల్సిన తెల్ల అంచు మాయం!

"నాన్నా! ఇది కోసిందెవరు?"

కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి తండ్రి గ్లాసు పట్టుకుని వచ్చాడు. నలభై ఏళ్లుగా ఫ్రేములు కడుతున్న మనిషి.

"నేనే. నువ్వు లేచేలోగా బొమ్మ చుట్టూ పెట్టే అట్ట కోసిపెడదామని..."

"అట్టా? బోర్లా పెట్టిన బొమ్మ అది! పాత అచ్చుకి అంచే ప్రాణమని నాకు నేర్పింది నువ్వు కాదూ? టీచరమ్మ వాళ్లమ్మ గుర్తుగా దాచుకున్న బొమ్మ. ఆవిడొస్తే ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"కాగితం అట్టలాగే దళసరిగా ఉంది కదే. నువ్వు గీసిన పెన్సిల్ గీత వేలికి తగిలితేనూ..."

"పెన్సిల్ గీత వేలికెలా తగుల్తుంది? అది అచ్చు తీసేటప్పుడు రాగిరేకు నొక్కిన గుర్తు!"

అనేశాక ఆమెకి వెలిగింది. కళ్లుండగా వేళ్లతో తడమడమేమిటి?

"కనపడట్లేదా నీకు?"

తండ్రి తల దించుకున్నాడు. "వానాకాలం నుంచీ."

"చెప్పొచ్చుగా! నోరు లేదూ?"

"కొలత చదివిపెట్టమని రెండుసార్లు అడిగాను. చిన్నపిల్లాడివా, చూసుకోలేవూ అని కసిరావు. మళ్లీ అడగబుద్ధి కాలేదమ్మా."

నిజమే. ఫోను చెవికి ఆనించుకుని, వెనక్కి తిరగకుండానే కసిరింది. ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

అంతలో టీచరమ్మ రానే వచ్చింది. తండ్రి నోరు తెరిచేలోగా కూతురు అడ్డుపడింది. "తప్పు నాదండీ. నాన్నకి చూపు తగ్గింది. ఇంట్లో ఉండి కూడా నేను పట్టించుకోలేదు. మీ బొమ్మ పాడుచేశాం."

టీచరమ్మ ఇద్దర్నీ కడిగి పారేసింది. మీ చేతికిచ్చాను చూడండి, నాదీ బుద్ధితక్కువ అంటూ బొమ్మనీ పట్టీల్నీ తీసుకుని విసురుగా వెళ్లిపోయింది.

"కోసింది నేనైతే నీ మీద వేసుకుంటావేం?" అన్నాడు తండ్రి.

"మాట్లాడకుండా చెప్పులేసుకో. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం."

కోపం ఇంకా గొంతులోనే ఉంది. తండ్రి గడప దగ్గర కాలితో చెప్పు కోసం వెతుకుతున్నాడు. చెప్పు జానెడు దూరంలోనే ఉంది. ఆమె వంగి దాన్ని కాలికి తొడిగి, ఆ పాదం పట్టుకుని బావురుమంది.